నేమ్ ప్లేటు మీద ఒక తేదీ

పాత కరెంటు ఫ్యాను చేతికి వస్తే, సేకరణ అలవాటున్నవాళ్ళు ముందు దాని రెక్కల వంక చూడరు. ఫ్యాన్ని వెనక్కి తిప్పి, మోటారు మీద బిగించిన చిన్న ఇత్తడి రేకును వెతుకుతారు. దుమ్ము, గట్టిపడిన నూనె, తర్వాతి తరాలవాళ్ళు అడ్డదిడ్డంగా పూసిన రంగు, వీటన్నిటి అడుగున ఆ రేకు ఉంటుంది. మెత్తని గుడ్డను సబ్బునీళ్ళలో ముంచి, తొందరపడకుండా తుడుస్తూ పోతే ఒక్కొక్క అక్షరమే పైకి వస్తుంది. కంపెనీ పేరు. సీరియల్ నంబరు. ఎన్ని వోల్టులు, ఎన్ని సైకిళ్ళు. ఆ కింద, కళ్ళు చికిలించి చూస్తే తప్ప కనబడనంత సన్నగా, పేటెంటు తేదీలు.

వెస్టింగ్‌హౌస్ కంపెనీ తొలినాళ్ళలో చేసిన ఏసీ యంత్రాల రేకుల మీద ఆ తేదీల వరుసలో ఒకటి కనబడుతుంది: 1888 మే 1. దాన్ని చూసినప్పుడల్లా నా గుండె బరువెక్కుతుంది. ఆ రోజున అమెరికా పేటెంటు కార్యాలయం ఏసీ మోటారుకూ, దానికి కరెంటు అందించే పద్ధతికీ సంబంధించిన పేటెంట్లను నికోలా టెస్లా పేరిట ఒక్కసారిగా మంజూరు చేసింది. అప్పటికి ఆయన వయసు 31. ఆ మోటారు ఇవాళ మన ఇంటి కప్పు నుంచి వేలాడుతోంది, బావిలో నీళ్ళు తోడుతోంది, వంటింట్లో ఇడ్లీపిండి రుబ్బుతోంది. ఆయన మాత్రం 1943 జనవరి 7న, న్యూయార్క్‌లో ఒక హోటలు ముప్పై మూడో అంతస్తులో, 3327వ నంబరు గదిలో, పక్కన పలకరించే మనిషి లేకుండా వెళ్ళిపోయాడు. ఎవరూ లోపలికి రావద్దన్న చీటీ తలుపుకు వేలాడుతూనే ఉంది. మర్నాడు గదులు శుభ్రం చేసే ఆవిడ ఆ చీటీని కాదని తలుపు తీసేదాకా, ఆ గదిలో ఊపిరి ఆగిపోయిందని ఎవరికీ తెలియలేదు.

కథ ఎలా ముగిసిందో అందరికీ తెలుసు. చెప్పేవాళ్ళంతా ఆయన కట్టిన గోపురం గురించి, ఆయన పుట్టించిన కృత్రిమ మెరుపుల గురించి చెబుతారు. పాత ఫ్యాన్లూ మోటార్లూ ముందేసుకుని కూర్చునే నాలాంటివాడికి నొప్పి మరోచోట తగులుతుంది. ఆయన పతనం గోపురం దగ్గర మొదలు కాలేదని నా నమ్మకం. ఒక చిన్న మోటారును సగంలో వదిలేసి ఆయన రైలెక్కిన రోజున, ఎవరూ గమనించకుండా, అది మొదలైంది.

ఈ పనిలో ఉన్నవాళ్ళకు ప్రతి ఆనవాలూ సాక్ష్యమే. రంగు పూసిన రెక్కకు అయస్కాంతం ఆనించి చూస్తారు. అతుక్కుంటే ఇనుము, అతుక్కోకపోతే అడుగున ఇత్తడి ఉందన్న ఆశ. జాలీ కమ్మీలు ఏ వంపు తిరిగాయి, పోత ఇనుప పీఠానికి ఎన్ని కాళ్ళున్నాయి, స్విచ్చి మీట ఎన్ని మెట్లు జరుగుతుంది, బుష్షులకు నూనె పోసే చిన్న గిన్నె ఎక్కడుంది, ఇవన్నీ చూసి ఏ కంపెనీ, ఏ కాలం అని తేలుస్తారు. వెనక మూత విప్పగానే కార్బన్లు కనబడితే అది డీసీ ఫ్యాను కావచ్చు. కార్బన్లు లేకుండా, లోపల తిరిగే రోటరుకు బయటినుంచి ఒక్క తీగ కూడా తగలకుండా ఉంటే, అది టెస్లా సంతానం. రేకు మీద సైకిళ్ళ దగ్గర 133 అని ఉందంటే ఆ ఫ్యాను ఏసీ కరెంటు ఇంకా బాల్యంలో ఉన్న రోజులది. ఇవాళ్టి కరెంటుకు దాన్ని తగిలించకూడదు, వైండింగ్ వేడెక్కి పాడవుతుంది. ఆ 133 అన్న అంకెను గుర్తు పెట్టుకోండి. ఈ కథలో ముల్లు అదే.

టెస్లా మోటారుకు ముందు ఫ్యాను లేకపోలేదు. 1882లోనే షైలర్ వీలర్ అనే అమెరికన్ ఇంజినీరు రెండు రెక్కల టేబుల్ ఫ్యాను చేశాడు. చుట్టూ జాలీ కూడా లేని ఫ్యాను. అది డీసీ కరెంటుతో తిరిగేది. డీసీ మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందాలంటే, దాన్ని ఒరుసుకుంటూ బ్రష్షులు ఉండాలి. మన మెకానిక్కులు కార్బన్లు అనేది వాటినే. మిక్సీ జోరుగా తిరుగుతుంటే అడుగున సన్నగా మెరిసే నీలి నిప్పురవ్వలు ఆ ఒరిపిడివే. ఒరిపిడి ఉన్నచోట అరుగుదల ఉంటుంది, మసి ఉంటుంది, కొంతకాలానికి కార్బన్లు మార్చుకోవాల్సిన అగత్యం ఉంటుంది.

ఆ నిప్పురవ్వలే ఒక కుర్రవాడి నిద్ర చెడగొట్టాయి. ఆస్ట్రియాలోని గ్రాజ్ పాలిటెక్నిక్‌కు పారిస్ నుంచి గ్రామ్ యంత్రం అనే డీసీ డైనమో ఒకటి వచ్చింది. ప్రొఫెసర్ పోషెల్ దాన్ని మోటారుగా నడిపి చూపిస్తుంటే బ్రష్షుల దగ్గర చిటపటలాడుతూ రవ్వలు లేచాయి. బ్రష్షులే లేకుండా మోటారు చేయవచ్చు కదా అన్నాడు టెస్లా. అది ఎన్నటికీ అయ్యే పని కాదని చెప్పడానికి ప్రొఫెసర్ ఆనాటి పాఠమంతా వెచ్చించాడు. ఈ కుర్రవాడు ఎన్ని ఘనకార్యాలైనా చేస్తాడు కానీ ఇదొక్కటీ చేయలేడన్నాడు.

అయిదారేళ్ళ తర్వాత, 1882 ఫిబ్రవరిలో, బుడాపెస్ట్ నగర ఉద్యానవనంలో సాయంత్రం స్నేహితుడు సిగెటితో నడుస్తూ టెస్లా సూర్యాస్తమయం వంక చూశాడు. గేటే రాసిన ఫౌస్ట్ ఆయనకు కంఠస్థం. అస్తమించే సూర్యుడి మీది పంక్తులు వల్లెవేస్తూ వేస్తూ ఉన్నచోటనే ఆగిపోయాడు. కర్రపుల్ల తీసుకుని దుమ్ములో గీతలు గీశాడు. ఆరేళ్ళ తర్వాత పేటెంటు పత్రాల్లోకి ఎక్కిన బొమ్మలు అవే.

ఏమిటా గీతలు? ఒక జత తీగల్లో వచ్చే ఏసీ కరెంటు కవ్వం తాడు లాంటిది. ఇటు లాగుతుంది, అటు లాగుతుంది, ఒకే దిక్కుకు తిప్పదు. అయితే ఒక కరెంటుకు కాస్త వెనకగా నడిచే ఇంకో కరెంటును ఇంకో కాయిల్లోకి పంపితే, రెండిటి బలాలూ కలిసి అయస్కాంత క్షేత్రం తనంత తాను గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది. మధ్యలో ఉన్న రోటరు దాని వెంట పడుతుంది. ఏదీ దేనినీ ఒరుసుకోదు. రవ్వ లేదు, మసి లేదు. అరిగేవి బుష్షులూ బేరింగులే.

దీన్ని అర్థం చేసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. వేసవిలో మన ఫ్యాను స్విచ్చి వేసినా కదలక, మూలుగుతూ ఉండిపోయిన సందర్భం ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి కండెన్సర్ పోయిందంటాడు. ఆ కండెన్సర్ పని, ఒకే ఫేజులోంచి వచ్చిన కరెంటును చీల్చి, ఒక పాయను రెండో కాయిల్లోకి వేళ తప్పించి పంపడం. అది పోతే కవ్వం తాడు ఒక్కటే మిగులుతుంది. అప్పుడు కర్రతో రెక్కను మెల్లగా తోస్తే, ఎటు తోస్తే అటు తిరుగుతుంది ఫ్యాను. దానికి దిక్కు తెలియదు. ఆ దిక్కు చెప్పే ఉపాయమే బుడాపెస్ట్ దుమ్ములో గీసిన గీత.

ఇంత పెద్ద వరం చేతిలో ఉన్నవాడికి మొదటి తలుపు తెరుచుకోలేదు. 1883లో స్ట్రాస్‌బర్గ్‌లో ఉద్యోగం చేస్తూ, తన చేతులతోనే మొదటి మోటారు చేసి తిప్పాడు. ఆ ఊరి మేయరు నలుగురు డబ్బున్నవాళ్ళను పిలిచి చూపించాడు. చూశారు, వెళ్ళిపోయారు. ఐరోపా ఆ రోజున ఆయన్ని నిలుపుకుని ఉంటే ఎలా ఉండేదో. 1884లో న్యూయార్క్ చేరాడు. ఎడిసన్ కంపెనీలో చేరి డీసీ యంత్రాలను బాగుచేశాడు. మెరుగుపరిస్తే యాభై వేల డాలర్లు ఇస్తానని పై అధికారి అన్న మాట పరాచికమని తేలాక బయటికి వచ్చేశాడని ఆయనే రాసుకున్నాడు. రావే అనే ఊళ్ళో ఆయన పేరు మీదే పెట్టిన దీపాల కంపెనీ, పని పూర్తికాగానే ఆయన్నే బయటికి పంపింది. చేతిలో మిగిలింది విలువలేని వాటాల కాగితం. 1886-87 చలికాలంలో ఆ చేతులు రోజుకు రెండు డాలర్ల కూలికి కందకాలు తవ్వాయి. తన చదువంతా తనకే వెక్కిరింపుగా కనబడిందట. తిరిగే అయస్కాంత క్షేత్రాన్ని మనసులో మోసుకుంటూ ఒక మనిషి న్యూయార్క్ వీధిలో మట్టి ఎత్తిపోశాడన్న సంగతి ఎన్నిసార్లు చదివినా నాకు మింగుడుపడదు.

అక్కడినుంచి అదృష్టం తిరిగింది. 1887 ఏప్రిల్లో ఇద్దరు పెట్టుబడిదారులు కలిసి ఆయనకు కంపెనీ పెట్టించారు. లిబర్టీ స్ట్రీటులో ప్రయోగశాల. ఏడాది తిరిగేసరికి పేటెంట్లు. 1888 మే 16న అమెరికన్ విద్యుత్ ఇంజినీర్ల సంఘం ముందు ఉపన్యాసం. జులైలో జార్జ్ వెస్టింగ్‌హౌస్ ఆ పేటెంట్లను తీసుకున్నాడు. ఒప్పందంలో ఒక షరతు ఉంది: ఆ పేటెంట్లతో తయారయ్యే ప్రతి హార్స్‌పవరుకూ టెస్లాకు రెండున్నర డాలర్ల రాయల్టీ.

రెండున్నర డాలర్లు. ఒక టేబుల్ ఫ్యానుకు లెక్కేస్తే పైసలే. కానీ లోకం మొత్తం మీద తిరగబోయే మోటార్లు ఎన్ని! ఆ కాగితం మీద ఆయన వృద్ధాప్యమంతా నిశ్చింతగా రాసి ఉంది. అది చివరిదాకా నిలవదని తెలిసి చదవడం వల్లనే ఆ అంకె దగ్గర కన్ను ముందుకు కదలదు.

ఆ వేసవిలోనే ఆయన పిట్స్‌బర్గ్ వెళ్ళాడు, తన మోటారును వెస్టింగ్‌హౌస్ కర్మాగారంలో సరుకుగా మార్చడానికి. ఇక్కడే ముల్లు గుచ్చుకుంది. వెస్టింగ్‌హౌస్ అప్పటికే ఊరూరా నిలబెట్టిన ఏసీ కేంద్రాలన్నీ 133 సైకిళ్ళవి. బల్బులు వెలిగించడానికి అది చాలు. టెస్లా మోటారుకు 60 సైకిళ్ళయితే హాయి. పైగా ఆ కేంద్రాల నుంచి ఇళ్ళకు వచ్చేది సింగిల్ ఫేజు, రెండు తీగలు. ఆయన మోటారు అసలు స్వభావానికి రెండు ఫేజులు కావాలి. ఇంజినీర్లు మోటారును తమ కరెంటుకు సరిపడేలా వంచమన్నారు. ఆయన కరెంటునే మోటారుకు సరిపడేలా మార్చమన్నాడు. నెలలు గడిచాయి. 1889లో, సుమారు ఏడాది తర్వాత, పని పూర్తికాకుండానే ఆయన పిట్స్‌బర్గ్ వదిలి న్యూయార్క్ వచ్చేశాడు.

ఆయన వెళ్ళిన కొంతకాలానికే కంపెనీ 60 సైకిళ్ళే సరైనదని ఒప్పుకుంది. ఇవాళ్టికీ అమెరికా అంతా నడిచేది ఆ అరవై మీదనే. ఆయన చెప్పిందే నిజమైంది. అది నిజమైన నాటికి ఆయన ఆ కర్మాగారంలో లేడు. ఆయనకు సహాయకుడిగా ఉన్న చార్లెస్ స్కాట్, ఒహాయో నుంచి కొత్తగా చేరిన బెంజమిన్ లామ్, వీళ్ళు కూర్చుని ఆ మోటారును ఓపిగ్గా సరిచేశారు. కాయిళ్ళను స్టేటరు చుట్టూ పరిచి చుట్టారు, రోటరును తీర్చిదిద్దారు. జర్మనీలో ఏఈజీ కంపెనీ ఇంజినీరు దోలివో-దొబ్రొవోల్స్కీ మూడు ఫేజుల మోటారును నడిపి చూపాడు. బిడ్డ పెరిగి పెద్దవుతోంది, పెంచుతున్న చేతులు వేరు.

ఇంకొక్క రెండేళ్ళు ఆయన అక్కడ ఉండి ఉంటే! ఈ మాట నేను తేలిగ్గా అనడం లేదు. ఆయన మనసు అప్పటికే వేల వోల్టుల వైపు, తీగలే లేకుండా భూమండలమంతా పాకే కరెంటు వైపు పోయింది. బల్ల మీద పెట్టుకునే మోటారు ఆయనకు చిన్నదైపోయింది. సరిగ్గా అదే రోజుల్లో, 1890 దరిదాపుల్లో, వెస్టింగ్‌హౌస్ టెస్లా పేటెంట్ల మీద చిన్న ఫ్యాను మోటార్లను అమ్మకానికి పెట్టింది. సింగిల్ ఫేజు కరెంటునే లోపల చీల్చుకుని తిరిగేవి. పెద్ద మోటార్లు ఇంకా తడబడుతున్న కాలంలో టెస్లా ఆలోచన ఇళ్ళలోకి నడిచి వెళ్ళింది ఈ చిన్న రూపంలోనే. ఇవాళ సేకరించేవాళ్ళు వాటిని టెస్లా ఫ్యాన్లని పిలుచుకుంటారు. ఒక్కటి దొరికితే జన్మ ధన్యమైందనుకుంటారు. ఆయన జీవితంలో ఈ ఫ్యానుకు దక్కిన చోటు ఎంత చిన్నదో తలచుకుంటే బాధేస్తుంది.

తర్వాత వచ్చిన వైభవాన్ని ఎవరూ కాదనలేరు. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శన టెస్లా పద్ధతిలోనే వెలిగింది. అక్కడ వెస్టింగ్‌హౌస్ విభాగంలో ఒక బల్ల, దాని కింద కాయిళ్ళు, పైన రాగితో చేసిన గుడ్డు. కరెంటు వదిలితే గుడ్డు ఉన్నచోటే తిరగడం మొదలుపెట్టి, వేగం పుంజుకుని, మొన మీద నిటారుగా లేచి నిలబడేది. తీగ తగలదు, చేయి తగలదు. చూసేవాళ్ళు బల్ల చుట్టూ తిరిగి తిరిగి చూసేవాళ్ళట. ఒక ఫ్యానులో లోపల కనబడకుండా జరిగేదాన్ని ఆయన అలా బయటపెట్టి చూపించాడు. 1896 నవంబరు 16న నయాగరా జలపాతం దగ్గర పుట్టిన కరెంటు బఫలో నగరానికి చేరింది. అక్కడి జనరేటర్ల రేకు మీద ఉన్న 13 పేటెంట్లలో 9 ఆయనవే.

కానీ ఆ శిఖరాల మధ్యలోనే అగాధాలు. 1895 మార్చి 13 తెల్లవారుజామున సౌత్ ఫిఫ్త్ ఎవెన్యూలోని ఆయన ప్రయోగశాల కాలిపోయింది. యంత్రాలు, నమూనాలు, నోట్సు, సగం చేసిన పనులు. బీమా లేదు. తొలి మోటార్లను ప్రేమించే మనిషికి ఆ ఉదయం తలచుకోవడం కష్టం. చేత్తో చుట్టిన కాయిళ్ళు, తొలి రోటర్లు, వాటి మీద ఆయన వేలిముద్రలు, అన్నీ కరిగి కింది అంతస్తుల్లోకి కూలిపోయాయి. గుర్తుపట్టడానికి రేకు మిగల్లేదు.

రాయల్టీ సంగతి. 1890లో లండన్‌లో బేరింగ్స్ బ్యాంకు తలకిందులై డబ్బు బిగుసుకుపోయింది, వెస్టింగ్‌హౌస్ మునిగే స్థితికి వచ్చాడు. ఆ కష్టంలో స్నేహితుడి కోసం టెస్లా ఒప్పందాన్ని చింపి పారేశాడని ఆయన తొలి జీవితచరిత్ర రాసిన జాన్ ఓనీల్ చెప్పిన కథ లోకమంతా తిరిగింది. కాగితాల మీద ఉన్నది ఇంకాస్త పొడిగా ఉంటుంది: 1897లో కంపెనీ సుమారు 2,16,000 డాలర్లు ఒక్కసారిగా చెల్లించి పేటెంట్లను పూర్తిగా తనవి చేసుకుంది. అప్పటికది పెద్ద మొత్తమే. అయితే ఆ పేటెంట్లకు ఇంకా ఎనిమిదేళ్ళ ఆయుష్షు ఉంది. మోటార్ల పంట కోతకొచ్చే ఎనిమిదేళ్ళు అవి. చేను అమ్మేసుకుని ఆయన ఆకాశం వైపు నడిచాడు.

గోపురం కథ అందరూ చెప్పిందే, త్వరగా దాటేస్తాను. 1901లో బ్యాంకరు జె.పి. మోర్గన్ 1,50,000 డాలర్లు ఇచ్చాడు. లాంగ్ ఐలండ్‌లో వార్డెన్‌క్లిఫ్ దగ్గర, తీగలు లేకుండా సంకేతాలూ కరెంటూ పంపడానికి, 187 అడుగుల గోపురం పని మొదలైంది. ఆ డిసెంబరులోనే మార్కోనీ అంతకంటే ఎంతో చిన్న సరంజామాతో అట్లాంటిక్ దాటించి ఒక్క అక్షరం సంకేతం పంపాడు. టెస్లా ఇంకా పెద్దగా కడతానన్నాడు. మోర్గన్ ఇంక ఇవ్వనన్నాడు. ఆయన ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. 1905 మే 1న మోటారు పేటెంట్ల గడువు తీరింది. ఆ రోజు నుంచి ఎవరైనా, ఎక్కడైనా, ఆయనకు ఒక్క పైసా ఇవ్వకుండా ఆ మోటారు చేసుకోవచ్చు. గోపురం దగ్గర పని ఆగిపోయింది కూడా ఆ రోజుల్లోనే.

సేకరించేవాళ్ళు మురిసిపోయే ఫ్యాన్లలో ఎక్కువ భాగం సరిగ్గా ఈ కాలానివి. ఇత్తడి రెక్కలు, ఇత్తడి జాలీ, నల్లటి పోత ఇనుప ఒళ్ళు. జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ళ పల్చటి మోటారున్న ఫ్యాన్లు, సెయింట్ లూయిస్ నుంచి ఎమర్సన్ ఫ్యాన్లు, ఒహాయో నుంచి రాబిన్స్ అండ్ మయర్స్ ఫ్యాన్లు. ఆఫీసుల్లో, భోజనశాలల్లో, ఆసుపత్రుల్లో, జ్వరంతో పడుకున్నవాళ్ళ మంచాల పక్కన అవి తిరిగాయి. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూడండి. కొన్ని కిలోల బరువు, నూరేళ్ళు దాటిన వయసు. బుష్షులకు కాస్త నూనె పోసి, బట్ట చుట్టిన పాత తీగ మార్చి, దానికి తగ్గ కరెంటు ఇస్తే మొదట సంకోచించి, ఒక్క క్షణం ఆగి, చడీచప్పుడు లేకుండా వేగం అందుకుంటుంది. ఆ నిశ్శబ్దం ఆయనది. గ్రాజ్ తరగతి గదిలో చిటపటలు వినలేక ఆయన అడిగింది ఆ నిశ్శబ్దాన్నే.

వెస్టింగ్‌హౌస్ కూడా మిగల్లేదు. 1907 ఆర్థిక సంక్షోభంలో ఆయన కంపెనీ అప్పులవాళ్ళ చేతికి పోయింది. తన పేరున్న రేకులు తన కర్మాగారంలో తనకు చెందకుండా అచ్చవుతుంటే చూసి, 1914లో కన్నుమూశాడు. ఆ రేకుల మీద కలిసి ఉన్న రెండు జీవితాలూ అలా చేజారాయి.

1917లో ఒకే ఏడాది రెండు సంగతులు జరిగాయి. మే నెలలో ఇంజినీర్ల సంఘం టెస్లాకు ఎడిసన్ పేరిట ఉన్న పతకం ఇచ్చింది. సభ మొదలయ్యే వేళకు ఆయన కనబడలేదని, వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళకు గ్రంథాలయం ముందు పావురాలకు గింజలు వేస్తూ దొరికాడని చెబుతారు. ఇక అదే ఏడాది వార్డెన్‌క్లిఫ్ గోపురాన్ని పేల్చి, తుక్కుగా అమ్మడానికి ముక్కలు చేశారు. ఆ స్థలం అప్పటికే హోటలు బాకీ కింద వాల్డార్ఫ్ ఆస్టోరియా వాళ్ళకు రాసిచ్చేశాడు.

తర్వాతి పాతికేళ్ళూ హోటలు నుంచి హోటలుకు. బాకీ పెరగ్గానే మరో గది. 1934లో వెస్టింగ్‌హౌస్ కంపెనీ సలహాదారు పేరిట నెలకు 125 డాలర్లు, గది అద్దె ఇవ్వడానికి ఒప్పుకుంది. పాత ఒప్పందం లెక్కలో అది నెలకు యాభై హార్స్‌పవర్ల రాయల్టీ. ఒక మాదిరి కర్మాగారంలో ఒక మూల తిరిగే మోటార్లు చాలు దానికి. ఇచ్చినవాళ్ళను నేను తప్పుపట్టను, ఆ మాత్రమైనా ఇచ్చారు. లెక్క మాత్రం కళ్ళ ముందు నుంచి పోదు.

ఆ ఏడాదే ఆయన చేరిన హోటల్ న్యూయార్కర్‌కు నేలమాళిగలో సొంత విద్యుత్ కేంద్రం ఉండేది. ఆ కాలంలో అదొక గొప్ప. అది పుట్టించేది డీసీ కరెంటు. టెస్లా తన చివరి తొమ్మిదేళ్ళూ బతికింది ఆ కరెంటు కిందే. ఆయన సూత్రం మీద నడిచే ఫ్యానును ఎవరైనా కానుకగా తెచ్చి ఆ డీసీకి తగిలించి ఉంటే అది తిరిగేది కాదు. కాసేపు అలాగే ఉంచితే వైండింగ్ మాడిపోయేది. లోకమంతా తన మోటారుతో తిరుగుతుంటే, తను పడుకునే చోట మాత్రం అది పనికిరాలేదు. పాత మోటార్ల రేకులు చదవడం నేర్చుకున్నవాడికి తప్ప ఈ సంగతిలోని కోత తగలదేమో.

1937లో రోడ్డు దాటుతుంటే టాక్సీ గుద్దింది. వైద్యం చేయించుకోనన్నాడు. నడక తగ్గింది, ఆహారం పాలకు తగ్గింది, పావురాల కోసం మనుషులను పెట్టి గింజలు వేయించాడు. చివరికి ఆ జనవరి, ఆ తలుపు, ఆ చీటీ.

చనిపోయాక ప్రభుత్వం ఆయన కాగితాలను స్వాధీనం చేసుకుని, పరిశీలించడానికి ఎంఐటీ నుంచి జాన్ జి. ట్రంప్ అనే విద్యుత్ ఇంజినీరును పిలిపించింది. గవర్నర్ క్లింటన్ హోటల్లో టెస్లా ఎప్పుడో బాకీ కింద తాకట్టు పెట్టిన ఒక పెట్టె ఉంది. అందులో తాను కనిపెట్టిన ఆయుధం ఉందని, విలువ పదివేల డాలర్లని, తెలియనివాళ్ళు తెరిస్తే ప్రమాదమని చెప్పి నాలుగు వందల డాలర్ల బాకీకి దాన్ని పెట్టాడు. హోటలువాళ్ళు ఏళ్ళ తరబడి దాన్ని ముట్టుకోలేదు. ట్రంప్ కాగితం విప్పాడు. ఇత్తడి పట్టీలు వేసిన నునుపైన చెక్క పెట్టె. మూత తెరిచి చూసి, లోపల ఉన్నదాన్ని గుర్తుపట్టాడు: నిరోధాలు కొలవడానికి ప్రతి విద్యుత్ ప్రయోగశాలలోనూ దశాబ్దాలుగా వాడుతున్న మామూలు రెసిస్టెన్స్ బాక్సు. బతకడం కోసం ఆ మనిషి అంతదాకా రావలసి వచ్చింది. ఆ పెట్టెలో 1887లో లిబర్టీ స్ట్రీటులో ఆయన చేతులు చుట్టిన చిన్న మోటారు ఒకటి పెట్టి ఉంటే, పదివేలు కాదు, దాని విలువ కట్టగలిగినవాడు ఆ గదిలోనే కాదు, న్యూయార్క్ మొత్తంలోనే ఉండేవాడు కాదు.